రెండు గీతల సీలు

నరసరావుపేట,
శనివారం సాయంత్రం.

ఉషకి,

ఎప్పటిలా 'ఒసేయ్ ఉషా' అని మొదలుపెట్టడానికి చెయ్యి రాలేదు. రెండు వీధుల అవతల ఉన్న మనిషికి పోస్టులో ఉత్తరమేమిటని నువ్వు అనుకోవచ్చు. ఫోన్ చేస్తే ఏదో ఒకటి అని నవ్విస్తావు. ఎదురుపడితే ఏడుస్తావు. రెండూ నాకిప్పుడు వద్దు. నేను చెప్పేది నువ్వు మధ్యలో అడ్డం రాకుండా వినాలి, అంతే.

రెండో శనివారం కాలేజీకి సెలవు కదా, ఇవాళ నడికుడి వెళ్ళాను. మీ అమ్మ మెట్టు జారి కాలు బెణికిందని మొన్న నువ్వే చెప్పావు. నీకు చెప్పకుండానే బయల్దేరాను. మా ఆయన ప్రదీప్ పోయాక ఆ ఊళ్ళో అడుగుపెట్టలేదని నీకు తెలుసు. మీ గోడ పక్క గోడే మా అన్నది. అటు చూడకుండా గబగబా మీ ఇంట్లోకి వెళ్ళిపోయాను.

పెద్దమ్మ మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. నన్ను చూసి ఏడ్చింది, నవ్వింది, "ఏందే ఇట్టా చిక్కిపోయావు, కాలేజీలో పాఠాలు చెబుతన్నావా, ఉపవాసాలు చేస్తన్నావా?" అని తిట్టింది. చీలమండ బాగా వాచి ఉంది. ఐసు పెడదామని ఫ్రిజ్ పైఅర తలుపు మీద చెయ్యి వేశాను.

"అది తియ్యమాకే!" అని వెనక నుంచి కేక.

అప్పటికే తీశాను. ఐసు ట్రే పక్కన నేను వండిన కూరల ప్యాకెట్లు.

నావేనని ఎలా గుర్తుపట్టానంటావా? కవరులో గాలి లాగి సీలువేసే మిషను ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంది. మూతిని వేడితో అంటించి అది ఒక గీత వేస్తుంది. అందరికీ అది చాలు. నాకు చాలదు. ఎక్కడో నూనె చుక్క అంటి ఆ గీత ఊడిపోతుందేమోనని దాని పక్కనే ఇంకోటి వేస్తాను. "గ్యాసు కట్టానా లేదా అని మూడుసార్లు పోయి చూసే మొహానివి, ఒక గీతతో నీకేం సరిపోద్దిలే" అని ఎగతాళి చేసేది నువ్వే కదా.

"పెద్దమ్మా, ఇవి కార్తీక్ హాస్టల్‌కి పంపినవి కదా, ఇక్కడున్నాయేంటి?" అని అడిగాను. చూడు, అప్పటికీ నా బుద్ధి నీ మాటనే నమ్ముతోంది.

పెద్దమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ గోడ వైపు తిరిగింది. "కార్తీక్‌గాడు ఇయ్యన్నీ ఎక్కడ తింటాడే, వాడికి హాస్టల్లో బిర్యానీలు కావాల. ఇయి మీ అన్నకి. పెళ్ళాం పోయిన కాణ్ణించి పొయ్యి ఎలిగించలా వాడు. ఆ రాళ్ళ దుమ్ము తిని తిని ఊపిరి కూడా సరిగ్గా ఆడట్లా. ఉష నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. ప్రతి శుక్రవారం కూరగాయలు తెచ్చి నా వంటింటి గట్టు మీద కుమ్మరించి, "నా వంట నా కొడుకే తినడు, నీ చెయ్యి పడితేనే వాడికి ముద్ద దిగిద్ది" అన్నావు. నేను మురిసిపోయాను. నా కడుపున పిల్లలు పుట్టలేదు, నీ కొడుక్కి వండుతుంటే నాకూ ఒక ఇల్లున్నట్టు ఉండేది. వండి, చల్లార్చి, పులుసు మిషనులోకి లాక్కుపోకుండా డబ్బాలో గడ్డకట్టించి, అప్పుడు కవరులోకి మార్చి, మూతి పొడిగుడ్డతో తుడిచి సీలు వేశాను. "కార్తీక్ ఉప్పు తగ్గించమన్నాడే" అన్నావు, తగ్గించాను. "ముక్కలు ఇంకాస్త మెత్తగా ఉడకాలంటే" అన్నావు. "కాలేజీ కుర్రాడికి ఈ ముసలి నోరేంటే!" అని నేను నవ్వితే నువ్వూ పొట్ట పట్టుకుని నవ్వావు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ నవ్వే వినబడింది నాకు.

మా అన్న ఏం చేశాడో నీకు తెలుసు. అయినా నా చేత్తో ఒకసారి రాయనీ. క్వారీలో ప్రదీప్ టిప్పరు గుంతలోకి దొర్లిపోయాక, విచారణకు వచ్చినవాళ్ళ ముందు సూపర్‌వైజరు నాగేంద్రబాబు, నా తోడబుట్టినవాడు, యజమాని పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఒకే మాట చెప్పాడు. "తాగి తోలాడు సార్."

ప్రదీప్ జన్మలో తాగలేదని నేననను. ఆ రోజు తాగలేదు. పొద్దున్నే నేనిచ్చిన టీ తాగి వెళ్ళాడు. కానీ అన్న అంత గట్టిగా చెప్పేసరికి నాలో పురుగు దూరింది. దారిలో ఎక్కడైనా ఆగాడేమో, నాకు తెలియని స్నేహితులెవరైనా ఉన్నారేమో. నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదిది. చచ్చిపోయిన మొగుణ్ణి ఇన్నేళ్ళూ అనుమానిస్తూ బతికాను ఉషా. గ్యాసు గురించి అడిగితే స్టవ్ జవాబు చెబుతుంది. ఆయన్ని ఎక్కడికి వెళ్ళి అడగను?

నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మ చేత క్యారియర్ కట్టించుకుని, బస్సులో నిలబడి వచ్చి ఇచ్చి వెళ్ళినవాడూ ఆ అన్నే. అందుకే, ఆ చేతికి నా చేత్తో ముద్ద పెట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నాదంటూ నాకు మిగిలింది ఆ కోపం ఒక్కటే. దాన్ని కూడా నన్ను అడక్కుండా ఖర్చుపెట్టావు. ఎందుకు?

యమున


నరసరావుపేట,
బుధవారం.

యమునా, నా తల్లీ,

నీలాగా రాయటం నాకు చేతకాదు. మాట్టాడినట్టే రాస్తన్నా. నీ గుమ్మం దాకా వచ్చి రెండుసార్లు ఎనక్కి పోయా, నువ్వు చూళ్ళేదు.

నాగేంద్రన్న నన్నేమీ అడగలా. నేనే చేశా. అమ్మ దగ్గరికి పోయినప్పుడల్లా, ఆయన హోటల్ కూడు పడక వాంతులు చేసుకుంటంటే గోడ ఇవతల నుంచి వినలేకపోయా. ఇంకెవరన్నా అయితే నువ్వే వండిచ్చేదానివి కాదటే? ఆయన కాబట్టే నీతో అబద్ధమాడా.

ఇంకోటి కూడా దాచా. ఇయ్యాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

మొదటి ప్యాకెట్టు నేనే వేణ్ణీళ్ళలో పెట్టి, కోసి కంచంలో వడ్డించా. గోంగూర పప్పు. ఒక ముద్ద తిని ఆగిపోయాడు. "ఇది యమున చెయ్యి" అన్నాడు. నేను కాదన్నా. "నాకు చెప్పమాకే, మా అమ్మ తరవాత ఎల్లిపాయ ఇట్టా మాడ్చేది అదొక్కతే" అన్నాడు. కంచం పక్కకి నెట్టాడు. తరవాత అన్నాడు: "ప్రదీప్ తాగలేదు ఉషా. బ్రేకులు పడట్లేదు బావా అని పొద్దున్నే నాకు చెప్పాడు. ఈ ఒక్క ట్రిప్పు తోలరా అన్నది నేనే."

ఆ మాట అని, మళ్ళీ కంచం దగ్గరికి లాక్కుని మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటా, "నాకు తెలిసినట్టు దానికి చెప్పమాకు. చెబితే కూడు ఆపేసిద్ది" అన్నాడు.

నేను చెప్పలా. చెబితే నువ్వు కోర్టుకెక్కుతావు, ఊపిరాడని మనిషి జైల్లో చస్తాడు అనుకున్నా. నువ్వు లోపల్లోపల ప్రదీపన్ననే అనుమానిస్తన్నావని నాకేం తెలుసే? తెలిస్తే చెప్పేదాన్నని రాయబోయా. నిజానికి అప్పుడన్నా చెప్పేదాన్నో లేదో. నీతో ఇంకో అబద్ధం ఆడను.

నన్ను తిట్టు. నా మొహాన తలుపెయ్యి. తిండి మాత్రం మానమాక.

నీ ఉష


నరసరావుపేట,
శుక్రవారం.

ఒసేయ్ ఉషా,

నీ ఉత్తరం చదివి లేచి స్టవ్ దగ్గరికి వెళ్ళాను. గ్యాసు కట్టి ఉంది. ఒక్కసారే చూసి వచ్చేశాను.

కూడు సంగతి నేను వదిలేశాను. ఆకలిగా ఉన్నవాడికి పెట్టావు, దానికి నిన్ను ఏమని తిట్టను? ఆ మాట సంగతే వదల్లేకపోతున్నాను. నా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, నాకెదురుగా కూర్చుని, ప్రతి శుక్రవారం ఆ మాట నీ నోట్లోనే ఉంది. నేను అడిగిందల్లా కార్తీక్ బాగా తింటున్నాడా అని. నువ్వు చెప్పిందల్లా ఉప్పు గురించి. అన్న భయంతో దాచాడు, యజమానికి భయపడ్డాడు, జైలుకు భయపడ్డాడు. నువ్వు ప్రేమతో దాచావు. ఏది ఎక్కువ తప్పో తూచబోయాను కానీ ఇంకా తేల్లేదు. నన్ను తొందరపెట్టకు.

మా అన్న మాత్రం అప్పుడూ తెలిసే అబద్ధం చెప్పాడు, ఇప్పుడూ తెలిసే తిన్నాడు. చెబితే ఆపేస్తానని అనుకున్నాడుగా. ఆపను.

ఈ ఉత్తరంతో పాటు ఐసు పెట్టిన డబ్బా మీ గుమ్మంలో ఉంచుతున్నాను. నువ్వు కూరగాయలు తెచ్చేదాకా ఆగలేదు, నేనే కొని వండాను. గీతలు ఎప్పటిలా రెండే వేశాను, ఆ అలవాటు ఇక పోయేలా లేదు. కొత్తగా చేసింది ఒక్కటే. కవర్లు ఖాళీగా ఉన్నప్పుడే, కూర నిండి ముడతలు పడకముందే, ఒక్కోదాని మీదా లావు మార్కరుతో రాశాను: "ప్రదీప్ తాగలేదు."

ప్రతి ప్యాకెట్ మీదా ఉంటుంది. నువ్వు కొయ్యొద్దు, పెద్దమ్మ కొయ్యొద్దు. ఆయన్నే కత్తెర పట్టుకోమను. ఆ మాట చదువుకుని, కోసుకుని తినమను. విచారణలో ఏ నోటితో చెప్పాడో ఆ నోటితో, ఆ క్వారీ గేటు దగ్గర పదిమంది వినేలా నిజం చెప్పిన రోజు రాయడం మానేస్తాను. అప్పటిదాకా ప్రతి శుక్రవారం వండుతాను. నేను పంపుతున్నానని, నాకంతా తెలుసని ఆయనకి చెప్పు.

నువ్వు ఇంటికి రావచ్చు. కానీ కొన్నాళ్ళు నన్ను నవ్వించబోకు.

ఉప్పు తగ్గించే వేశానని చెప్పు.

యమున