గిర్నిలో నీ పేరు

యాదగిరన్నకు,

నావి కోడిగీతలు. తప్పులుంటే ఏమనుకోకు, ఐదో తరగతి దాకే చదివాను. నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు సిగ్గుతో తలుపు చాటునుంచే చాయ్ అందించాను. నువ్వు పోయి నేటికి ఏడాది. చదవవని తెలుసు కాబట్టే రాయగలుగుతున్నాను.

మిలిటరీలో ఉన్నప్పుడు నువ్వూ మా ఆయనా కలిసి పెట్టాలనుకున్న పిండిగిర్నిని, ఆయన ఒక్కడే వనపర్తిలో పెట్టాడు. గిరాకీ బాగుంది. జొన్నలు పోస్తూ మిషన్ మోతలో ఏదో అరుస్తుంటాడు. ఎవరికీ వినపడేది కాదు. పోయిన నెల ఒకరోజు ఉన్నట్టుండి కరెంటు పోయింది. మోత ఆగింది కానీ ఆయన గొంతు ఆగలేదు.

"అరే యాదగిరీ, సంచి సక్కగ పట్టు, పిండి కింద పోతుంది."

వరుసలో ఉన్న ఆడవాళ్లు బిక్కమొహాలు వేశారు. "యాదగిరంటే సచ్చిపోయిన దోస్తు గదా? గీ గిర్నిల మల్ల అడుగు పెడ్తమా?" అంటూ ఒక అవ్వ తన గంప ఎత్తుకుంది.

ఆ మాట ఊళ్లో పాకితే గిర్ని మూతపడుతుంది. పదిమందిలో నోరెత్తని నేను, మిషన్ వెనక నుంచి "ఆ, పట్టిన" అని గట్టిగా అన్నాను.

"పెండ్లాన్ని యాదగిరంటడా ఈ మిలిటరాయన?" అని అవ్వ నవ్వి గంప దించింది.

అప్పటినుంచి ఆయన నిన్ను పిలిస్తే మిషన్ వెనక నుంచి నేనే పలుకుతున్నాను. నిన్న ఆయన గిర్నికి పోయాక నాకు జ్వరం వచ్చింది. ఇంట్లోనే పడుకున్నాను. సాయంత్రం ఒళ్లంతా పిండితో వచ్చి, "ఇయ్యాల పిలిచినప్పుడల్ల పలికినవ్" అన్నాడు.

అన్నా, ఈ కాగితం కాల్చెయ్యి. నిన్న నేను గిర్నిలో లేనని ఆయనకు తెలియొద్దు.