ఒక్క వేలు

మార్చి 3, సోమవారం

టీమ్ లీడ్‌గా వచ్చి నెల కావస్తోంది. ఇంతవరకు ఒక్కరు కూడా నన్ను కాదనలేదు. ఉదయం స్టాండప్ మీటింగ్‌లో అందరూ నిలబడతారు, అంతా బాగానే ఉందంటారు, గంగిరెద్దుల్లా తలలూపి సీట్లలోకి జారుకుంటారు. మేం చేస్తున్నది పిల్లల ఆస్పత్రికి సాఫ్ట్‌వేర్. నర్సు బిడ్డ బరువు కొడితే మందు ఎంత ఇవ్వాలో అది చెబుతుంది. అలాంటి దాంట్లో అంతా బాగానే ఉందంటే నాకు ఒళ్లు మండుతోంది. ఎవరో ఏదో దాస్తున్నారు.

మార్చి 4, మంగళవారం

రిలీజ్‌కి, అంటే కొత్త వెర్షన్ ఆస్పత్రికి వెళ్లడానికి ముందు ఇక్కడ ఓటు వేస్తారు. అందరూ ఒకేసారి చెయ్యెత్తి వేళ్లు చూపాలి. ఐదు వేళ్లంటే పూర్తి నమ్మకం, ఒక్క వేలంటే ఆపమని. ఇవాళ ఊరికే ఒకసారి వేసి చూద్దామన్నాను. ఎవరు చెప్పారో ఏమో, మా కంపెనీ డైరెక్టర్ కూడా వచ్చి గోడకి ఆనుకుని నిలబడి, ముందే ఐదు వేళ్లు చూపించాడు. ఆ తర్వాతే మిగతా చేతులు లేచాయి. అన్నీ ఐదే. దీన్ని ఓటు అంటారా?

మధ్యాహ్నం పహిల్వాన్ నోరు విప్పాడు. గాలేస్తే ఎగిరిపోయేలా ఉండే డెవలపర్‌కి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ! పోయినేడు, తప్పులు పట్టుకునే మా టెస్టర్ ఒక్క వేలు చూపించి రిలీజ్ ఆపిందట. నీకు బ్రేకు తప్ప ఇంకోటి తొక్కడం రాదా అమ్మా అని డైరెక్టర్ అందరి ముందూ అన్నాడట. అందరూ నవ్వారట. ఆమె కూడా నవ్విందట. ఆ రోజు నుంచి ఆమె పేరు బ్రేకు. ఆ రోజు నుంచి ఆమెదీ ఐదే.

మార్చి 6, గురువారం

అసలు ఓటు. డైరెక్టర్ రాకముందే పెట్టేశాను. కళ్లు మూసుకుని వేళ్లెత్తమన్నాను. దండం కూడా పెట్టాలా అని పహిల్వాన్ అడిగాడు. నవ్వుకుంటూనే మూసుకున్నారు.

ఐదు. నాలుగు. ఐదు. మూలన టెస్టర్ చెయ్యి గుండెల దాకా మాత్రమే లేచింది. ఒక్క వేలు. కళ్లు తెరవమని, ఒకరికి అనుమానం ఉంది కాబట్టి రిలీజ్ ఆపుతున్నామని చెప్పాను. ఎవరని నోటితో ఎవరూ అడగలేదు.

సాయంత్రం 6

డైరెక్టర్ అడిగాడు. చెప్పనన్నాను. నేనేమైనా కొరుక్కు తింటానా, ఊరికే మాట్లాడతాను, పేరు చెప్పండి మేడమ్ అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో! బ్రేకు అన్న రోజున కూడా ఇంతే మెత్తగా అని ఉంటాడు. సోమవారానికల్లా పేరైనా రావాలి, లీడ్‌గా ఇంకొకరైనా రావాలి అన్నాడు. నాకు ఈ ఉద్యోగం ఇష్టం. భయం కూడా వేసింది.

మార్చి 7, శుక్రవారం

టెస్టర్ మెట్ల దగ్గర ఆపింది. ఒక బిడ్డ పేజీ మూసి ఇంకో బిడ్డ పేజీ తెరిస్తే, పాత బిడ్డ డోసు తళుక్కున కనబడి మాయమైందట. ఒక్కసారే. మళ్లీ ఎంత చేసినా రాలేదట. కళ్లు మోసం చేశాయేమోనండీ, మీ మీదికి తెచ్చాను, నేనే వెళ్లి ఆయనకి చెప్పేస్తాను అంది. వద్దన్నాను. వెతుకుదాం అన్నాను.

వెతికే పని టీమ్ అందరికీ పంచాను. ఎవరు చూశారన్నది తప్ప అన్నీ చెప్పాను.

మార్చి 8, శనివారం

అక్కకి ఫోన్ చేశాను. తను పిల్లల వార్డులో నర్సు. తెర మీద అంకె ఒక్క క్షణం తప్పుగా కనబడితే ఏమవుతుందే అని అడిగాను. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే రెండోసారి ఎవరు చూస్తారే, కనబడిందే సిరంజిలోకి వెళ్తుంది అంది. ఎందుకడుగుతున్నావంది. పని ఉందని ఫోన్ పెట్టేశాను.

మార్చి 9, ఆదివారం

ఆ తప్పు దొరికితే బాగుండు అనుకుంటున్నాను. ఛీ, లేకపోతే కదా బాగుండాల్సింది.

మార్చి 10, సోమవారం

దొరకలేదు. ఇద్దరిద్దరుగా కూర్చుని కళ్లు కాయలు కాచేలా చూశాం. దొరకలేదు.

డైరెక్టర్ అందరి ముందూ అడిగాడు, ఇన్ని రోజులు ఎవరి పుణ్యమా అని పోయాయని. టెస్టర్ కుర్చీ కదిలిన చప్పుడైంది. ఆమె లేచేలోపే నేను మాట్లాడాను. పేరు చెప్పనన్నాను. ఏమీ దొరకకపోయినా ఆ వేలెత్తినవాళ్లు సరైన పనే చేశారు, మళ్లీ అనుమానం వస్తే మళ్లీ ఎత్తండి అన్నాను.

ఇక లీడ్‌ని కాదు. బుధవారం ఓటు డైరెక్టరే పెడతాడట, కళ్లు తెరిచే.

మార్చి 11, మంగళవారం

సీటు పహిల్వాన్ పక్కకి మార్చారు. అతను తన టీలో సగం నా కప్పులో పోశాడు. సిగ్గుగా ఉంది. ఆ పేరేదో చెప్పేసి ఉంటే నాకేం పోయేది అని కూడా అనిపించింది.

మార్చి 12, బుధవారం, మీటింగ్‌లో

డైరెక్టర్ ఐదు చూపించాడు. ఎవరూ చెయ్యెత్తలేదు.

తర్వాత టెస్టర్ ఎత్తింది. ఈసారి తల పైకి. ఒక్క వేలు. పహిల్వాన్ రెండు. ఆమెకి తోడుగా నేనూ ఒకటే చూపిద్దామనుకున్నాను. కానీ అంత వెతికాక నాకు నిజంగా అనిపించింది మూడు. మూడే చూపించాను. ఆమె నా వేళ్లు చూసింది. తన వేలు దించలేదు.

డైరెక్టర్ చెయ్యి ఎప్పుడు దిగిందో నేను చూడలేదు. ఎందుకు అని ఆమెని అడిగాడు. అంతే అడిగాడు.

ఆమె చెబుతోంది. ఇంకా చెబుతూనే ఉంది.