ఓడింగ్ మడమ విషయమై అభ్యంతరం

ఉజుంగ్ బెరుంగ్, బాండుంగ్
12 సెప్టెంబర్ 2023

నగర సంగీత వారసత్వ సమితి గౌరవ సలహాదారు, ‘బెసి తువా’ పంక్ బృందపు పూర్వ గాయకులు గుగుమ్ గారికి, అదే బృందంలో బేస్ గిటార్ వాయించి, ప్రస్తుతం వార్డు కార్యాలయంలో జనన మరణ పత్రాలపై ముద్రలు వేస్తున్న నందంగ్ సలాం చేసి వ్రాయునది. ఇక్కడ అందరం కులాసా. తమరి ఆరోగ్యం కనీసం ప్రదర్శనశాల ప్రారంభోత్సవం వరకు నిలకడగా ఉండాలని కోరుకుంటున్నాను.

తమరు రాసిన బృంద చరిత్ర అందింది. గురువారంలోగా సంతకం చేసి పంపితే, దానిని ఇత్తడి రేకుపై చెక్కించి ప్రదర్శనశాల గోడకు బిగిస్తామని తెలియజేశారు. మూడుసార్లు చదివాను. కళ్ళజోడు లేకుండా చదివిన మొదటిసారే బాగుంది.

మన ధ్వని పరిణామాన్ని తమరు వేగ దశ, విదేశీ ప్రభావ దశ, పరిణత దశ అని విభజించారు. రెండవ దశలో మన డ్రమ్ము ‘మనిషిలా మూలగడం’ లండన్ క్యాసెట్ల ప్రభావమని నిర్ధారించారు. ఆ క్యాసెట్లు నేనూ విన్నాను. మనకున్న ఒక్క టేప్ రికార్డరు మా ఇంట్లోనే ఉండేది. వాటిలో ఏ డ్రమ్మూ మూలగలేదు. టేపు నలిగినప్పుడు గాయకుడు మూలిగేవాడు.

వాస్తవం సమితి దస్త్రాలలో లేదు కనుక నమోదు చేస్తున్నాను. 1997లో మన మొదటి డ్రమ్మరు పోలీసు ఉద్యోగంలో చేరినప్పుడు, పెళ్ళిళ్ళలో కెండాంగ్ డోలు వాయించే ఓడింగ్‌ను నేను తీసుకొచ్చాను. మనకంటే పదిహేనేళ్ళు పెద్ద కనుక బాబాయ్ వరసన ‘మాంగ్’ అని పిలిచాం. కెండాంగ్ వాయించేవారు చేతులతో కొడుతూనే, మడమతో చర్మాన్ని నొక్కి స్వరం మారుస్తారు. ఆయన మన పెద్ద డ్రమ్మును పడుకోబెట్టి, బూటు విప్పి, దానిమీద మడమ ఆనించారు. వాలీబాల్ హాలులో మన కచేరీకి వచ్చిన మూడు వందల మంది గెంతడం ఆపేశారు. తమరు మైకులోనే అడిగారు.

“మాంగ్, ఏంటది?”

“కాలు.”

ఆ తర్వాత సురబాయా నుంచి మలాంగ్ దాకా పంక్ డ్రమ్మర్లు ఒంటికాలి బూటుతో వేదికెక్కారు. వారసత్వమంటే అదేనని నా అల్పబుద్ధికి తోస్తుంది.

2002లో జకార్తా రికార్డింగ్ సంస్థవారు, ఆయన మడమ యంత్రపు తాళానికి అందడం లేదన్నారు. ఆయన మళ్ళీ స్టూడియోకు రాలేదు. ఆయన చోట డ్రమ్ము మోగించే యంత్రం కూర్చుంది. దానినే తమరు పరిణత దశ అన్నారు. ఆ వారమే మనం జిరాక్సు తీసి పంచే పత్రికలో ప్రకటన వెలువడింది: మాంగ్ ఓడింగ్ పశ్చాత్తాపపడి, వాద్యం విడిచి, దైవమార్గం పట్టారు. తమరు దానిని వేదికపై గద్గద స్వరంతో చదివారు. మన ఊళ్ళో అలా మానేసినవారిని ఎందుకని ఎవరూ అడగరు. మళ్ళీ వాయించమని పిలవడం పాపం. కనుక పెళ్ళివారు కూడా ఆయనను పిలవడం మానేశారు. తాను మానలేదని ఆయన చెప్పబోతే, పాపం మనసు చలిస్తోందని జాలిపడ్డారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆయనకు గౌరవంలో ఏ లోటూ లేదు. పంక్చర్లు వేసుకుంటున్నారు.

చరిత్రలో ఆయన పేరు లేదేమని ఫోనులో అడిగితే తమరు, “మానేసిన మనిషిని మళ్ళీ ఇందులోకి లాగకూడదు కదరా” అన్నారు. ఇంత మర్యాదగా ఒక మనిషిని చెరిపేయవచ్చని నాకు తెలియదు.

ఆదివారం ఆ చరిత్రను ఆయనకు చదివి వినిపించాను. సైకిల్ ట్యూబును నీళ్ళలో ముంచి, బుడగల కోసం చూస్తూ విన్నారు.

“ఇందులో నా మడమ ఉందా?”

లేదన్నాను.

“మరి పాటలో ఎవరి కాలు వినపడుతోందంట?”

లండన్ వారిదని మనవి చేశాను.

“అంత దూరం నుంచి చాపారా, పాపం.” బుడగ దొరికింది. దానిమీద వేలు పెట్టి అడిగారు. “అది పోనీలేరా. నేను మానేశానని పుట్టించిందెవరు?”

గుగుమ్ గారని చెప్పాను.

కావున సంతకం చేయను. ఓడింగ్ పేరు, ఆయన మడమ, ఆ ప్రకటన అబద్ధమన్న వాక్యం రేకు మీదికెక్కేవరకు మన బృందం పేరు ఆ గోడమీద ఉండరాదు. ఉంచితే ప్రారంభోత్సవానికి స్క్రూడ్రైవరుతో హాజరవుతాను. దీనిని బెదిరింపుగా నమోదు చేసుకోగలరు.

ఇట్లు,
సంతకానికి నిరాకరిస్తూ సంతకం చేస్తున్న
నందంగ్

తా.క. గుగుమ్, ఆ ప్రకటన రాసింది నేను. జకార్తావాళ్ళు యంత్రం మాట ఎత్తగానే నాకు భయం పట్టుకుంది, ఆయనతోపాటు నన్నూ పంపేస్తారేమోనని. ఆయనతో ‘గుగుమ్ వద్దంటున్నాడు’ అన్నాను. నీతో ‘ఆయనే మానేశాడు’ అన్నాను. మీరిద్దరూ ఎప్పటికీ ఒకరినొకరు అడగకుండా ఉండే కారణం కావాలి, అందుకే దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను. నువ్వు వేదికమీద నిజంగానే ఏడ్చావు. ఈ ఉత్తరం నకలు ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆయనకు కళ్ళు ఆనడం లేదు. ఇది కూడా నేనే చదివి వినిపించాలి.