సాంచ ఆగకముందే

రాజేశం,

ఇవాళ నీ సంవత్సరీకం. ఇవాళే నీ బిడ్డ రమను సిరిసిల్లలో మనం పనిచేసిన మరమగ్గాల కార్ఖానాకు మేనేజరును చేశారు. సంతోషించాల్సింది పోయి అనుమానపడుతున్నాను. పదోన్నతుల మీద ఎన్నో పుస్తకాలు చదివాను. ప్రతిభ, నాయకత్వం అని రాస్తారు. నీకు రావలసిన ఆ కుర్చీ మనతో పనిచేసిన లచ్చయ్యకు ఎట్లా పోయిందో ఒక్కదాంట్లోనూ లేదు.

మరమగ్గం చప్పుడు మారితే చాలు, ఆ సాంచ ఆగకముందే నువ్వు బాగుచేసేవాడివి. లచ్చయ్య ఆగనిచ్చేవాడు. సేటు వచ్చి చూస్తుండగా చేతులకు నూనె పూసుకుని నడిపించేవాడు. సేటు కంటికి నువ్వు ఊరికే తిరిగేవాడివి.

సాయంత్రం రమ మిఠాయి తెచ్చింది.

"నీకెట్ల ఇచ్చిండ్రు బిడ్డా?" అని అడిగాను.

"సాంచ ఆగినంకనే పోయి బాగుచేస్త కాకా. గది గూడ సేటు ఉన్నప్పుడే," అని నవ్వింది.

"మీ బాపు గట్ల చెయ్యలే."

"బాపు పని ఎవలకు కనవడ్డది మరి?"

"నాకు కనవడ్డది."

"నువ్వేమన్న సేటువా కాకా?"

ఇదంతా లచ్చయ్యే నేర్పాడని మొదట అనుమానించాను. ఆమె వెళ్ళిపోయాక ఇంకో అనుమానం పట్టుకుంది. నిన్ను చూసే నేర్చుకున్నట్టుంది, రాజేశం.