గుచ్చుకునే సీటు

హమద్ టౌన్, బహ్రెయిన్
శుక్రవారం

అక్కకి,

తమ్ముడు సూరిబాబు నమస్కారాలు. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఎండలు తగ్గాయి, చెమట పట్టకుండా డ్యూటీ చేస్తున్నాం. నువ్వు పంపిన గోంగూర పచ్చడి నెలంతా దాచుకుందామనుకున్నాం గానీ, గదిలో నలుగురం కలిసి మూడో రోజుకే సీసా కడిగేశాం. శుక్రవారాలు సెలవు, ఆ రోజు మాత్రం పొద్దు పోదు. అయినా బెంగ పెట్టుకోకు.

ఈ నెలంతా ఒక్క కారు సీట్ల మీదే పని చేశాను. బుదైయా అనే ఊళ్ళో ఒక పెద్దావిడది. మన నాన్న చిన్నతనంలో తయారైన అమెరికా కారు. వాళ్ళబ్బాయి యూసఫ్ గారికి యాభై దాటాయి, హిందీ బాగా వచ్చు. నేను సీట్లు విప్పుతుంటే పక్కన కూర్చుని దాని కథంతా చెప్పారు.

అప్పట్లో అమెరికాలో పనులు పోయి, బ్యాంకులు మూతపడి, జనం తిండి కోసం వరసల్లో నిలబడ్డారట. కార్లు కొనే నాథుడే లేడు. అందుకని కంపెనీలు సామాన్యుడికి అందేలా బళ్ళు తయారు చేశాయట. ముందు అద్దం తుడిచే పుల్ల ఒకటే, వెనక ఎర్ర లైటు ఒకటే. రెండోది కావాలంటే వేరే డబ్బు కట్టాలి. మెరుగు పూత ఉండాల్సిన చోట మామూలు రంగు. అంత పొదుపులోనూ ఒక కంపెనీ పెద్ద కార్లకే ఉండే ఎనిమిది సిలిండర్ల ఇంజను తెచ్చి చవక కారులో పెట్టేసిందట! పొలాలు ఎండిపోయిన వాళ్ళు అలాంటి బళ్ళ మీదే పరుపులూ గిన్నెలూ కట్టుకుని వేరే రాష్ట్రాలకి కూలికి పోయారట. అమెరికా వాళ్ళు మనలా వలస పోవడమేమిటని నేను నమ్మలేదు. యూసఫ్ గారు ఒట్టేసి మరీ చెప్పారు.

ఈ కారు ఇక్కడికి చమురు పనికి వచ్చిన ఒక అమెరికా ఆయనది. ఆయన వెళ్ళిపోతూ అమ్మేస్తే యూసఫ్ గారి నాన్నగారు కొన్నారు.

ఇప్పుడు నా ఘనకార్యం విను. వెనక సీటు విప్పేసరికి లోపల కొబ్బరి పీచు! గోనెగుడ్డలో చుట్టి, అచ్చం నాన్న జట్కా సీట్లకి వేసినట్టే మూడు వేళ్ళకో ముడి. ఎప్పుడో బాగుచేయించినప్పుడు మనవాడో, మలబారు వాడో కుట్టి ఉంటాడు. ఒక్కో ముడి మీదా వేలు పెట్టి చూశాను. మా మేస్త్రీ మల్లన్న, నిజామాబాదు మనిషి, "గా పాత పీచు ఎవనికి గావాలె? అవతల పారేసి ఫోము పెట్టు, ఖలాస్" అన్నాడు. నేనూ సరేనన్నాను. ఆ ముడులు చూసి కూడా నా చేత్తోనే చెత్తలో పడేశాను.

కొత్త సీటు దూది పరుపులా కుదిరింది. మెచ్చుకుంటారని పొంగిపోయాను. యూసఫ్ గారు తల్లిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టారు. ఆవిడకి చూపు పోయింది అక్కా, ఏదైనా తడిమి తెలుసుకోవాల్సిందే. సీటంతా అరచేత్తో తడిమారు. మళ్ళీ తడిమారు. ఏదో అని కళ్ళొత్తుకున్నారు. యూసఫ్ గారు నాకు చెప్పారు: "ఇది నా బండి కాదు, గుచ్చుకోవడం లేదు" అన్నారట.

పెళ్ళయిన కొత్తలో ఆ సీటు బట్టల్లోంచి గుచ్చుకుంటోందని ఆవిడ గోల పెడితే, "రాణిగారికి పట్టుపరుపు తెమ్మంటారా?" అని భర్త ఆటపట్టించేవారట. ఆయన పోయేదాకా ఎప్పుడు కారెక్కినా అదే తగువు, అదే నవ్వు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ నా చెయ్యి తట్టి, నీ తప్పేం లేదు నాయనా అన్నారు. తిట్టినా బాగుండేది.

పీచుతోనే మళ్ళీ కుడతానని మాటిచ్చాను. పాతది చెత్తబండిలో పోయింది, ఇక్కడ దొరికేది రబ్బరు పూసిన పీచు, అది గుచ్చుకోదు. ఈ ఉత్తరం తెచ్చిన అబ్బులు గారు నెల సెలవయ్యాక తిరిగొస్తారు. ఆయన చేతికి రెండు కేజీల పీచు ఇచ్చి పంపు. గల్ఫుకి పీచు పంపుతున్నావని ఊళ్ళో ఎగతాళి చేస్తారేమో, చెయ్యనీ.

ఇంకొకటి కావాలి, అడగడానికి మొహం చెల్లడం లేదు. నేను వచ్చేటప్పుడు నాన్న సీట్లు కుట్టే వంకీ సూది నా చేతిలో పెట్టి, "అట్టుకెళ్ళరా, నాన్న నీకాడే ఉన్నట్టుంటాది" అన్నావు. "అక్కడన్నీ మిషన్లే, ఈ తుప్పుముక్క ఎందుకే" అన్నాను. నువ్వు సూది కొంగున ముడేసుకుని లోపలికి వెళ్ళిపోయావు. మూడేళ్ళయింది. ఆ మాటన్నందుకు నన్ను క్షమించు అక్కా. ఆ కారు సీటు మిషనుకి లొంగదు, నాన్న సూదికే లొంగుతుంది. ఉంచావు కదూ? ఉంటే పంపు.

బావగారికీ, అత్తయ్యగారికీ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకి ముద్దులు. దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు నా పేరు కూడా తలుచుకో. వేళకి తింటున్నాను, బెంగ వద్దు.

నీ తమ్ముడు
సూరిబాబు

మరిచాను. జట్కా ఎక్కేవాళ్ళకి గుచ్చుకోకూడదని నాన్న దగ్గర పీచంతా ఒకటికి రెండుసార్లు దువ్వేదానివి. ఈ ఒక్కసారికి అంత మెత్తగా దువ్వకు అక్కా. ఆవిడకి గుచ్చుకోవాలి.