రెండు శుక్రవారాలు

దోహా, 1992

చెల్లె భూమవ్వా,

ఊరికొచ్చిన లింబన్నతో నేను పంపిన ఇత్తడి గుండును ముట్టుకోకు, తోమకు. పిల్లలతో బయటికి నడువు, పోలీసులకు చెప్పించు.

పనికాడ ఇసుక తవ్వుతుంటే దొరికిన అలాంటి గుండునే నాతో ఉండే జలంధర్ మొన్న గదిలో చింతపండుతో తోమాడు. "అన్నా, మా ఇంటామె దేవునికాడ పెడ్తది సూడు, బంగారమే అనుకుంటది" అంటూ బయటికి పోయి మన్ను రాలాలని నేలకు తట్టాడు. పేలింది. జలంధర్ లేడు.

తప్పు అతనిదేనని కంపెనీ రాసింది. మందుగుండు వదిలేసిన మిలిటరీది కాదట! అక్కడ తవ్వమన్న కంపెనీది కాదట! నిలదీస్తే "మాఫీ, యల్లా" అన్నారు, ఏమీ లేదు నడువు అని. ఖాళీదే అనుకొని, దేవునికాడ పెట్టుకొమ్మని నీకు పంపింది మాత్రం నేనే.

గదిలో ఒక్కణ్ణే ఉన్నాను. ఊరికి ఫోన్ లేదు, మమ్మల్ని క్యాంప్ గేటు దాటనివ్వరు. డ్రైవర్ మహబూబ్ ఈ ఉత్తరం పోస్టులో వేస్తాడు. చేరడానికి పదిహేను రోజులు.

నువ్వు శుక్రవారం శుక్రవారం దేవుని సామాను తోముతావు. ఈలోగా రెండు శుక్రవారాలున్నాయి.

అన్న