భరద్వాజ్ అన్న కట్టిన ఫీజు

2024 జనవరి 5, శుక్రవారం

వింటర్ టర్మ్ బిల్లు వచ్చింది. ట్యూషన్ సంగతి తెలిసిందే, ఏడ్చి లాభం లేదు. దాని కింద ఇంకో తోక: స్టూడెంట్ యూనియన్ ఫీజు, హెల్త్ ప్లాన్, బస్ పాస్, క్యాంపస్ రేడియో. ఆ రేడియో నేను ఒక్కసారి కూడా వినలేదు. మా సత్తుపల్లిలో యూనియన్ అంటే గోడల మీద నినాదాలు రాసి కాలేజీ బంద్ చేయించేవాళ్లు. ఇక్కడ యూనియన్ అంటే ఒక బిల్డింగు, అందులో కాఫీ షాపు, బేస్‌మెంట్‌లో ఫుడ్ బ్యాంకు. నాకొద్దు మొర్రో అన్నా ఫీజు మాత్రం కట్టాల్సిందేనట.

నాన్న ఫోన్ చేశాడు. డబ్బు రెడీగా ఉందట. పెళ్లిళ్ల సీజన్‌లో షామియానాల అద్దెల మీద బాగానే వచ్చింది, మిగతాది వడ్డీకి తెచ్చాను అన్నాడు. బ్యాంకులో పంపితే చార్జీలు, టాక్సులు అని బోలెడు పోతాయి, పోయినసారి లాగే భరద్వాజ్ వాళ్లింట్లో ఇస్తాలే అన్నాడు. సరే అన్నాను.

2024 జనవరి 8

ఫీజు కట్టడం అయిపోయింది.

ఇది ఇక్కడ మనవాళ్లంతా చేసే పనే. అక్కడ ఒకరింట్లో రూపాయలు ఇస్తారు, ఇక్కడ ఇంకొకరు డాలర్లు ఇస్తారు. రేటు గూగుల్‌లో చూసుకుంటారు. రసీదు ఉండదు. అడిగితే తప్పు కూడా. నాన్న ఆరు లక్షలకు కాస్త ఎక్కువే సంచిలో పెట్టుకుని వెళ్తే, శ్యామల ఆంటీ ఉప్మా పెట్టిందట. కోదండరామ్ అంకుల్ కట్టలు లెక్కపెట్టకుండానే బీరువాలో పెట్టాడట. మీ దగ్గర లెక్కేంటండీ అన్నాడట. నాన్న ఆ మాట నాకు రెండుసార్లు చెప్పాడు.

వాళ్లబ్బాయే భరద్వాజ్ అన్న. యూనివర్సిటీ ఉన్న వాటర్లూకి పక్క ఊరు కేంబ్రిడ్జ్‌లో, మేముండే ఇంటి బేస్‌మెంట్‌లోనే ఉంటాడు. కింద నలుగురు అబ్బాయిలు, పైన రిషిత, నేను. నేను దిగిన రోజు పియర్సన్ ఎయిర్‌పోర్ట్‌కి చేతిలో జాకెట్ పట్టుకుని వచ్చాడు. ఇండియా జాకెట్లు ఇక్కడ జేబురుమాలుకి కూడా పనికిరావు చెల్లీ అన్నాడు. ఆదివారం అందరికీ తనే వండుతాడు. అన్నా అని పిలవకపోతే మాత్రం ముఖం మాడ్చుకుంటాడు. అందరికీ అన్న అనిపించుకోవడం వాడికి పెద్ద పిచ్చి.

నా యూనివర్సిటీ పోర్టల్ లాగిన్ అడిగాడు. ఇచ్చాను. సాయంత్రానికి ఫీజు బాకీ జీరో.

2024 జనవరి 23

కొత్త స్టూడెంట్లని ఏడాదికి ఇంతమందినే రానిస్తామని ఇక్కడి ప్రభుత్వం క్యాప్ పెట్టిందట. మేం పార్ట్‌టైమ్ చేసే వేర్‌హౌస్‌లో బ్రేక్ అంతా అదే గోల. మనం లోపల ఉన్నాం కదే అంది రిషిత. సీటు దొరికాక బస్సు ఎక్కడా ఆపకూడదనే రకం.

2024 ఫిబ్రవరి 13, మధ్యాహ్నం

స్టూడెంట్ అకౌంట్స్ నుంచి మెయిల్. ఆరుసార్లు చదివాను. జనవరిలో నా ఫీజు కట్టిన కార్డు దొంగ కార్డు. అసలు ఓనర్ బ్యాంకుకు కంప్లైంట్ చేశాడు, బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంది. నా బ్యాలెన్స్ మళ్లీ తొమ్మిది వేల ఎనిమిది వందల డాలర్లు, పైన లేట్ ఫీజు. అకౌంట్ మీద హోల్డ్. మార్చి ఒకటిలోగా సంజాయిషీ ఇవ్వాలి. లేకపోతే కోర్సుల నుంచి తీసేస్తారు, ఫ్రాడ్ అని రికార్డులో రాస్తారు.

కోర్సులు పోతే స్టడీ పర్మిట్ పోయినట్టే. ఫ్రాడ్ అని రాశాక ఇంకెక్కడా సీటు ఇవ్వరు. నాన్న తెచ్చిన వడ్డీ అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అదే రోజు, సాయంత్రం

కిందకి వెళ్లి భరద్వాజ్ అన్న ముందు ఫోన్ పెట్టాను. చదివి మంచం మీద కూర్చున్నాడు. చెప్పించడానికి గంట పట్టింది.

డాలర్లు యూనివర్సిటీకి తను కట్టలేదు. ఎటోబికో అనే ఊళ్లో ఒకడున్నాడట. వాడి చేతికి క్యాష్ ఇస్తే, వాడు కార్డు మీద ఫీజు కడతాడు, నూటికి ఏడు డాలర్లు తగ్గించి తీసుకుంటాడు. ఆ ఏడూ అన్న జేబులోకి. నాది, తనది, రెండు ఫీజులూ అలాగే కట్టించాడు. పోయిన టర్మ్‌లో ఏమీ కాలేదు కదా చెల్లీ, నాకేం తెల్సు అన్నాడు. వాడి అసలు పేరు తెలియదట. నంబర్ స్విచాఫ్. తనకీ ఇదే మెయిల్ పొద్దునే వచ్చిందట, నాకు ఎలా చెప్పాలో తెలియక డ్యూటీకి కూడా వెళ్లలేదట.

ఏడు శాతం. నా చదువు మీద కమీషన్ తిన్నాడు. అన్న అట, అన్న. నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టినంతసేపూ తల ఊపుతూనే ఉన్నాడు. దానికి ఇంకా మండింది.

2024 ఫిబ్రవరి 15

యూనియన్‌లో స్టూడెంట్ల తరఫున మాట్లాడే అడ్వకసీ ఆఫీస్ అని ఒకటుందని రిషిత చెప్తే వెళ్లాను. 302 బస్సు, ఆ తర్వాత ట్రైన్, దారంతా మంచు. కేస్ వర్కర్ పేరు అనన్య. పేరు చూసి ప్రాణం లేచొచ్చింది. తెలుగులో మొదలుపెట్టాను. అంతా అర్థమైంది ఆమెకి, జవాబులు మాత్రం ఇంగ్లిష్‌లోనే. వాటర్లూలోనే పుట్టిందట.

అనన్య ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. రాసుకుంటూ పోయింది. లాగిన్ ఎవరికిచ్చావు అంది. చెప్పాను. రసీదు ఉందా అంది. మాలో రసీదులు ఉండవు అన్నాను. ఆమె పెన్ను ఆపి నన్ను చూసింది. వాళ్ల నాన్న కూడా ఇంతేనంట, ఇల్లు కొన్నప్పుడు ఫ్రెండ్‌కి చేతి మీద డబ్బిచ్చాడట. ఆ ఫ్రెండ్ ఇప్పుడు వీళ్లింటికి రాడట.

దారి ఒక్కటే ఉందంది. నేను మోసపోయానని పోలీస్ రిపోర్ట్ ఇవ్వాలి. నా లాగిన్, నా డబ్బు ఎవరు తీసుకున్నారో పేరుతో సహా అందులో ఉండాలి. ఆ రిపోర్ట్ నంబర్ పెట్టి యూనియన్ యూనివర్సిటీకి అప్పీల్ రాస్తుంది. అప్పుడు ఫ్రాడ్ మాట తీసేసి, బాకీ వాయిదాల్లో కట్టనిస్తారు. పేరు లేకపోతే కార్డు నేనే వాడానని అనుకుంటారు, వాళ్ల తప్పు కూడా లేదు అంది.

ఎటోబికో వాడు అని రాస్తే చాలదా అన్నాను. వాణ్ణి నువ్వు చూశావా అంది. లేదు. నేను చూసింది భరద్వాజ్ అన్ననే.

2024 ఫిబ్రవరి 16

ఫుడ్ బ్యాంకుకు వెళ్లాను. కందిపప్పు లేదు, డబ్బా శనగలు ఉన్నాయి. సిగ్గేమీ వేయలేదు. ఆ యూనియన్ ఫీజు మొన్న తిట్టుకుంటూ కట్టిందే కదా.

కట్టలేదు కూడా. దొంగ కార్డు కట్టింది.

2024 ఫిబ్రవరి 18, ఆదివారం

నాన్నకి చెప్పక తప్పలేదు. భరద్వాజ్ వాళ్లింటికెళ్లి డబ్బు వెనక్కి అడుగుతాను అన్నాడు. వెళ్లాడు.

రెండు గంటల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. టీ తాగి వచ్చాడట.

కోదండరామ్ అంకుల్ ఆ డబ్బు అప్పుడే అన్న ఎడ్యుకేషన్ లోన్‌కి కట్టేశాడట. వాళ్లకి అసలు ఈ గొడవే తెలియదు. మా వాడు మీ అమ్మాయికి సొంత అన్నలాగా చూసుకుంటున్నాడు అని శ్యామల ఆంటీ మురిసిపోతుంటే, నాన్న నోట్లో మాట నోట్లోనే ఉండిపోయిందట. ఎలా అంటానమ్మా, లెక్క కూడా పెట్టుకోని మనుషులు, మీ వాడు ముంచాడని ఏ ముఖం పెట్టుకుని అంటాను అన్నాడు. బిస్కెట్లు కూడా తిన్నాడట.

నాకు నాన్న మీద కోపం రావాలి. ఏడుపొచ్చింది.

ఈ ఆదివారం కింద ఎవరూ వండలేదు.

2024 ఫిబ్రవరి 22

భరద్వాజ్ అన్న పైకొచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. పోలీస్ రిపోర్ట్ సంగతి రిషిత చెప్పినట్టుంది. వారానికి రెండు వందలు ఇస్తా, రెండు షిఫ్టులు చేస్తా, ఏప్రిల్ దాకా స్టూడెంట్లకి పని గంటల లిమిట్ లేదు కదా అన్నాడు. పేరు మాత్రం ఇవ్వకు చెల్లీ, ఈ టర్మ్‌తో నా కోర్సు అయిపోతుంది, పోలీస్ కేసంటే వర్క్ పర్మిట్ రాదు, నీ కాళ్లు పట్టుకుంటా అన్నాడు.

మరి పోలీసుల దగ్గరికెళ్లి నీ అంతట నువ్వే చెప్పు, వాడి నంబర్ ఇవ్వు, ఇద్దరం బయటపడతాం అన్నాను. ఇంకా ముగ్గురి ఫీజులు అలాగే కట్టించాడట. ఆ ముగ్గురికీ ఇంకా మెయిల్ రాలేదట. రాకపోవచ్చు కదా అన్నాడు.

రాకపోవచ్చట. ఆశకి కూడా ఒక హద్దుండాలి.

తలుపు వేశాక వాడు మెట్లు దిగిన చప్పుడు వినిపించలేదు. ఎంతసేపు అక్కడే ఉన్నాడో తెలియదు. నేను తలుపు తీయలేదు.

2024 ఫిబ్రవరి 26

నాన్న: నీ ఇష్టం తల్లీ. రిషిత: పిచ్చిదానివా, ఇచ్చెయ్. అనన్య: మెయిల్‌లో ఒక్క లైన్, శుక్రవారం చివరి రోజు.

నా మనసు మాత్రం రోజుకో రకంగా ఉంది. ఏడు శాతం గుర్తొస్తే ఇప్పుడే రాసేయాలనిపిస్తుంది. స్నానానికి వెళ్తే పాపం అనిపిస్తుంది. వాడు దొంగ కాదు. కక్కుర్తి మనిషి, అంతే. కక్కుర్తి లేనివాళ్లెవరు? రేటు కలిసొస్తుందని మేమూ బ్యాంకుకు వెళ్లలేదు.

2024 ఫిబ్రవరి 28

రాశాను.

2024 మార్చి 8

ఫ్రాడ్ మాట తీసేశారు. హోల్డ్ పోయింది. బాకీ పది వాయిదాల్లో కట్టాలి. యూనియన్ ఎమర్జెన్సీ గ్రాంట్ కింద అయిదు వందలు ఇచ్చింది. అనన్య మొదటిసారి తెలుగులో ఒక మాట అంది. తిన్నావా అని అడిగింది. తినలేదు. తిన్నానని చెప్పాను.

2024 మార్చి 15

పోలీసులు భరద్వాజ్ అన్నని పిలిపించారు. మూడు గంటలు కూర్చోబెట్టారట. ఫోన్ తీసేసుకున్నారు. మిగతా ముగ్గురికి కూడా మెయిల్స్ వచ్చాయి. ఇంటి ముందు పెద్ద గొడవ. ఒకడు వాడి కాలర్ పట్టుకున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. దిగి వెళ్లలేదు. వెళ్లి ఏమని చెప్పాలి?

2024 మార్చి 19

ట్రైన్ దగ్గర కనిపించాడు. యూనియన్ ఆఫీసుకి వెళ్లి వస్తున్నాడట. తన మీద కేసు పెట్టిన అమ్మాయి తరఫున వాళ్లే ఉన్నారు కాబట్టి, తన కేసు తీసుకోవడం కుదరదన్నారట. లాయర్ల ఫోన్ నంబర్ల కాగితం ఒకటి ఇచ్చారట. కోపంగా చెప్పలేదు, బస్సు మిస్సయిందని చెప్పినట్టు చెప్పాడు. వాడు కూడా ఆ యూనియన్‌కి ఫీజు కట్టేవాడే. ఉన్న ఒక్క తలుపులోంచి నేను ముందు దూరాను.

అమ్మకి అసలు సంగతి చెప్పలేదు అన్నాడు. నువ్వు కూడా చెప్పకు, నన్ను ఎటోబికో వాడు మోసం చేశాడని మాత్రమే చెప్పాను, నీ పేరు తీయలేదు అన్నాడు. ట్రైన్ వచ్చింది. వేరే పెట్టెలో ఎక్కాడు.

సారీ అన్నా అనాలనుకున్నాను.

2024 మార్చి 30

గది ఖాళీ చేశాడు. యూనివర్సిటీ వాణ్ణి కోర్సుల నుంచి తీసేసింది. ఎయిర్‌పోర్ట్ వైపు ఏదో గోడౌన్‌లో లెక్కల్లో చూపించని క్యాష్ పనికి కుదిరాడని కింద అబ్బాయిలు చెప్పారు. అక్కడే ఎవరి గదిలోనో నేల మీద పడుకుంటున్నాడట. ఫోన్ ఎత్తడు. నాన్నకి చెప్తే, కోదండరామ్ వాళ్లు కనిపిస్తారేమోనని ఇప్పుడు ఆ వీధిలోంచి వెళ్లడం మానేశానమ్మా అన్నాడు.

2024 ఏప్రిల్ 21

శ్యామల ఆంటీ ఫోన్ చేసింది. మా వాడు ఏమీ చెప్పడు, నువ్వైనా చెప్పమ్మా, మీ ఇద్దర్నీ ముంచింది ఆ ఎటోబికో వాడే కదా, నువ్వెలా బయటపడ్డావో ఆ దారి మా వాడికీ చూపించు అని ఏడ్చింది.

యూనియన్ ఆఫీసుకి వెళ్లాను ఆంటీ, డబ్బు తీసుకున్నవాడి పేరు పోలీసులకి రాసిచ్చాను అన్నాను.

మంచి పని చేశావు, వాడు నాశనమైపోవాలి అంది. వాణ్ణి కన్నతల్లికి తెలుసో లేదో వాడు చేసిన పని అంది.

తెలియదు ఆంటీ అన్నాను.